ట్యాంక్‌బండ్ నడక: పిల్లలతో అయితే సికింద్రాబాద్ కొస నుంచే మొదలుపెట్టండి

ఇంటిల్లిపాదీ నీళ్లు చూసుకుంటూ నడవడానికి హైదరాబాద్‌లో ట్యాంక్‌బండ్‌ను మించింది లేదు. కానీ హుస్సేన్‌సాగర్ చుట్టూ తిరిగొద్దామని మాత్రం బయల్దేరకండి. చుట్టు మొత్తం పది కిలోమీటర్ల దరిదాపు ఉంటుంది, చిన్నపిల్లలు సగంలోనే చతికిలపడతారు. జంటనగరాలను కలిపే కట్ట ఒక్కటి చాలు. పొడవు రెండు కిలోమీటర్ల పైచిలుకు, ఎత్తుపల్లాలు లేవు. పెద్దవాళ్లకు అరగంట పని, పిల్లలతో గంటంపావు.

ఎటునుంచి ఎటు నడుస్తామన్నది ఇక్కడ చాలా ముఖ్యం. సికింద్రాబాద్ నుంచి వస్తూ సెయిలింగ్ క్లబ్ సిగ్నల్ దగ్గర దిగి, అక్కడే రోడ్డు దాటి నీళ్ల వైపు ఫుట్‌పాత్ ఎక్కండి. అక్కడి నుంచి సెక్రటేరియట్ వైపు నడిస్తే సాగర్ కుడిచేతి పక్కన ఉంటుంది, పక్క రోడ్డు మీద బండ్లు ఎదురుగా వస్తూ కనిపిస్తాయి. అటు నుంచి ఇటు వస్తే అవే బండ్లు వెనక నుంచి దూసుకొస్తాయి, పిల్లల చెయ్యి క్షణం కూడా వదల్లేం. మధ్యలో రోడ్డు దాటే సాహసం అసలు చెయ్యొద్దు. కట్ట మీది విగ్రహం దగ్గర ఫొటో అనో, బజ్జీల బండి అనో డివైడర్ ఎక్కి దూకేవాళ్లను రోజూ చూస్తుంటాం. ఆ రోడ్డు మీద ఎవరూ స్పీడు తగ్గించరు.

సూర్యాస్తమయానికి గంటన్నర ముందు మొదలుపెడితే సరిగ్గా ఉంటుంది. కట్ట సాగర్‌కు తూర్పున ఉంది కాబట్టి పొద్దు నీళ్ల మీదే వాలుతుంది. సాగర్ నడుమ నిలబడ్డ బుద్ధుడి విగ్రహం ఫొటో కావాలంటే మాత్రం పొద్దున్నే రావాలి, సాయంత్రం వెలుగు వెనక నుంచి పడి విగ్రహం నల్లగా వస్తుంది. ఒకే రాతిలో చెక్కిన ఆ విగ్రహం 1990 మార్చిలో తరలిస్తుండగా నీళ్లలో మునిగింది, 1992 డిసెంబరులో గానీ నిలబెట్టలేకపోయారు. పిల్లలకు చెప్పండి, ఇక కళ్లు దాని మీంచి తిప్పరు.

నడకలో అసలైన వింత నీళ్ల వైపు కాదు, రెండో వైపు ఉంది. కట్ట మధ్యకు వచ్చాక ఒక్క నిమిషం ఆగి చూపించండి. ఇటు అలలు కాళ్లకు కాస్త కిందే ఉంటాయి. అటు దోమలగూడ, లోయర్ ట్యాంక్‌బండ్ ఎంతో లోతున కనిపిస్తాయి. ఇబ్రహీం కులీ కుతుబ్‌షా కాలంలో, 1560ల్లో కట్టిన చెరువుకట్ట మీదే మనం నిలబడ్డామని పిల్లలకు అప్పుడు అర్థమవుతుంది. కట్టను కాచే కట్టమైసమ్మ గుడి కూడా ఆ దిగువనే ఉంది. చెరువు నిండితే మత్తడి దూకిన నీళ్లు అటువైపు నాలాలో పడి మూసీకి పోతాయి. పెద్ద వానలకు అశోక్‌నగర్ వైపు బస్తీలు మునగడానికి ఆ నాలా కూడా ఒక కారణం.

కట్ట పొడవునా ఉన్న తెలుగు ప్రముఖుల విగ్రహాలతో ఒక ఆట ఆడించొచ్చు. 1986లో ఎన్టీఆర్ ప్రభుత్వం 33 పెట్టించింది. 2011లో తెలంగాణ ఉద్యమపు మిలియన్ మార్చ్‌లో కొన్ని దెబ్బతిన్నాయి, తర్వాత మళ్లీ నిలబెట్టారు. కవులెందరు, ఏలినవాళ్లెందరు అని లెక్కపెట్టమంటే నడక బరువు తెలియదు. కవయిత్రి మొల్ల, ఉర్దూ కవి మఖ్దూం పేర్లు పిల్లల చేత పైకి చదివించండి.

ఇక వాసన. దాచేదేం లేదు, ఉంటుంది. కూకట్‌పల్లి నాలా లాంటివి మురుగును ఏళ్ల తరబడి తెచ్చి పోశాయి. ఎండాకాలం నీళ్లు తగ్గినప్పుడు, గాలి పడమటి నుంచి వీచినప్పుడు ఎక్కువ. మంచి వాన పడి రెండ్రోజులయ్యాక వెళ్తే చాలా నయం. దీపాలు వెలిగే వేళకు చిన్న పురుగులు మొహం మీద ముసురుతాయి, చంటిపిల్లలుంటే పల్చటి గుడ్డ ఒకటి ఉంచుకోండి. స్ట్రోలర్‌లో పాపను తీసుకెళ్లేవాళ్లు మడిచి ఎత్తుకోగల తేలికది తేవాలి. ఫుట్‌పాత్ మీద ఆపిన బైకులను తప్పించుకోవడానికి అక్కడక్కడా దించక తప్పదు.

మంచినీళ్లు మనిషికి అర లీటరు చొప్పున ఇంటి నుంచే తెచ్చుకోండి. బాత్రూం పని ముందే కానిచ్చుకుని బయల్దేరండి. కాల్చిన మక్కకంకి, ముంత మసాలా దొరుకుతాయి. అప్పటికప్పుడు నిప్పుల మీద కాల్చిచ్చే కంకి నిశ్చింతగా పెట్టొచ్చు, ముందే కోసి పెట్టిన పండ్ల ముక్కలు వద్దు.

2021 ఆగస్టులో ఆదివారం సాయంత్రాలు కట్ట మీద బండ్లు ఆపి జనానికి వదలడం మొదలుపెట్టారు. అలాంటి రోజు దొరికితే వదలొద్దు. రోడ్డంతా పిల్లలదే, సైకిల్ కూడా తెచ్చుకోవచ్చు. బయల్దేరే ముందు ట్రాఫిక్ పోలీసుల ప్రకటన ఒకసారి చూడండి. గణేశ్ నిమజ్జనం రోజుల్లో మాత్రం నడక మాటే వద్దు, కట్ట పొడవునా క్రేన్లు, ఊరేగింపులు ఉంటాయి. తిరుగు ప్రయాణానికి ఆటోను, నడక ముగిసే సెక్రటేరియట్ వైపున్న లుంబినీ పార్క్ గేటు ముందు కాకుండా నాలుగడుగులు దాటి మాట్లాడుకోండి, బేరం తక్కువలో తెగుతుంది.