టూర్‌లో ఆడాలా, టీచింగ్‌లోకి రావాలా?

ప్రొఫెషనల్ గోల్ఫ్‌లో అమ్మాయిల ముందు రెండు దారులుంటాయి: టూర్, అంటే ఊరూరా తిరుగుతూ టోర్నమెంట్లు ఆడడం; లేదా టీచింగ్, అంటే ఇతరులకు గోల్ఫ్ నేర్పడం. అమెరికాలో 1950లో మొదలైన మహిళా ప్రొఫెషనల్ గోల్ఫర్ల సంఘం ఎల్‌పీజీఏ, 1959లోనే గోల్ఫ్ నేర్పేవాళ్లకు ప్రత్యేక విభాగం పెట్టింది. టీచింగ్ అంటే టూర్‌లో నిలవలేనివాళ్ల పని అనుకోవడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది.

డబ్బు: టూర్‌లో ప్రయాణం, హోటల్, క్యాడీ (బ్యాగ్ మోసే సహాయకుడు) ఖర్చులు మామూలుగా ప్లేయర్‌వే. మామూలుగా 36 హోల్స్ (రెండు రౌండ్లు) తర్వాత కట్, అంటే ముందుకు వెళ్లడానికి కావాల్సిన స్కోరు, దాటకపోతే చాలా టోర్నీల్లో ఆ వారం ప్రైజ్‌మనీ సున్నా, బిల్లులు మాత్రం తప్పవు. టీచింగ్‌లో పెద్ద చెక్కులు రావు, కానీ నెల గడుస్తుంది.

శ్రమ: టూర్‌లో మీ స్వింగ్ (బంతిని కొట్టే తీరు) మీరు చూసుకుంటే చాలు. టీచింగ్‌లో ఒక్కొక్కరిదీ ఒక్కో తప్పు. బాగా ఆడేవాళ్లందరూ బాగా చెప్పలేరు.

రిస్క్: మణికట్టుకు గాయమైతే టూర్‌లో సీజనే పోవచ్చు. టీచింగ్‌లో ఆ టెన్షన్ తక్కువ.

రెండూ చేసినవాళ్లూ ఉన్నారు. అమెరికన్ గోల్ఫర్ రెనీ పావెల్ 1967లో టూర్‌లో చేరారు; తర్వాత ఒహాయోలో తన తండ్రి కట్టిన క్లియర్‌వ్యూ గోల్ఫ్ కోర్సులో హెడ్ ప్రొఫెషనల్ అయ్యారు.

స్పాన్సర్ ఉండి, స్కోర్లు నిలకడగా ఉంటే ముందు టూర్‌కే వెళ్లండి. అప్పు చేసి ఆడాల్సి వస్తుంటే, లేదా ఒకరికి నేర్పడంలోనే ఎక్కువ ఆనందం దొరుకుతుంటే, టీచింగ్ సర్టిఫికేషన్ ఇప్పుడే మొదలుపెట్టండి.