లైనక్స్ ల్యాప్‌టాప్‌తో పాత బానెవిల్ ట్యూనింగ్: రెండేళ్లు దాటాక నా మాట

ముందే తేల్చి చెప్పేస్తాను. బైకు ఇంజిన్‌ను నడిపించే చిన్న కంప్యూటర్ (ఈసీయూ)లోని ఇంధన పట్టికలను, అంటే మ్యాప్‌ను, దిద్దే ప్రోగ్రాం ట్యూన్‌ఈసీయూ. దాని విండోస్ వెర్షన్ లైనక్స్ ల్యాప్‌టాప్‌లో పనిచేస్తుంది. అయితే మ్యాప్ తెరిచి చూసుకోవడం, అంకెలు దిద్ది దాచుకోవడం ఒక ఎత్తు, దాన్ని బండిలోకి ఎక్కించడం మరో ఎత్తు. మొదటిదానికి విండోస్ ప్రోగ్రాంలను లైనక్స్‌లో నడిపే వైన్ చాలు. రెండోదానికి నేను వైన్‌ను నమ్మను. కంప్యూటర్ లోపలే మరో కంప్యూటర్‌ను (వర్చువల్ మెషీన్) నడిపే వర్చువల్‌బాక్స్‌లో విండోస్ 7 పెట్టుకుని, దానితోనే ఎక్కిస్తాను. ఈ వ్యవహారంలో మనిషిని ఏడిపించేది సాఫ్ట్‌వేర్ కాదు, కేబుల్.

బండి ట్రయంఫ్ బానెవిల్ టీ100, 865 సీసీ, బెంగళూరులో సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. చూడటానికి దీనికి రెండు కార్బ్యురేటర్లు ఉన్నట్టుంటాయి. నిజానికి అవి ఇంజెక్షన్ థ్రాటిల్ బాడీలు. పాత కాలపు అందం చెడకూడదని కంపెనీయే వాటికి కార్బ్యురేటర్ల వేషం వేసింది. కడపలో నేను చూపించిన మెకానిక్కులందరూ మొదట అన్నమాట ఒకటే: "జెట్లు మారుద్దాం సార్." కార్బ్యురేటర్‌లో పెట్రోలును కొలిచి వదిలే ఆ చిన్న ముక్కలు లోపల ఉంటే కదా మార్చడానికి! ఎంత పెట్రోలు చిమ్మాలో ఈసీయూలోని పట్టికలు నిర్ణయిస్తాయి. ఆ పట్టికలు దిద్దే సాధనం ఉన్న వర్క్‌షాపు నాకు ఊళ్లో దొరకలేదు. బెంగళూరు సుమారు 250 కిలోమీటర్లు. అందుకే ఈ పని నెత్తికెత్తుకున్నాను.

అవసరం ఎందుకొచ్చిందంటే, సైలెన్సర్లు మార్చిన తర్వాత యాక్సిలరేటర్ వదిలినప్పుడల్లా టపటపా పేలుళ్లు మొదలయ్యాయి. దానికి తోడు బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. మామూలు పెట్రోలు పూర్తిగా మండటానికి ఒక పాలు ఇంధనానికి 14.7 పాళ్ల గాలి కావాలి. ఈ ఇథనాల్ పెట్రోలుకు (ఈ20) అది దాదాపు 13.5 పాళ్లకు పడిపోతుంది, అంటే అదే గాలికి ఎక్కువ ఇంధనం కావాలి. ఒకే వేగంతో సాఫీగా పోతున్నప్పుడు ఆక్సిజన్ సెన్సర్ కొంతవరకు సర్దుబాటు చేస్తుంది. గువ్వలచెరువు ఘాట్‌లో లారీని దాటడానికి యాక్సిలరేటర్ ఒక్కసారిగా తిప్పినప్పుడు మాత్రం పట్టికలో ఉన్న అంకెదే రాజ్యం.

ట్యూన్‌ఈసీయూ విండోస్ వెర్షన్ ఉచితం. ఇప్పుడు దాని అభివృద్ధి ఆగిపోయింది, తయారీదారులు డబ్బు పెట్టి కొనుక్కునే ఆండ్రాయిడ్ యాప్‌కు మళ్లారు. అయినా విండోస్ వెర్షన్ ముసలిదైపోలేదు. ఇంజిన్ వేగం ఒక వైపు, థ్రాటిల్ ఎంత తెరిచామన్నది మరో వైపు పెట్టి గళ్ల పట్టికను విశాలంగా చూపిస్తుంది. పది గళ్లు ఒకేసారి ఎంచుకుని రెండు శాతం పెంచడం క్షణంలో పని. లైనక్స్ మింట్‌లో వైన్ మీద ఇంతవరకు చీకూచింతా లేదు. అక్షరాలు కాస్త చిన్నగా కనిపిస్తాయి, అంతే.

ఇక కేబుల్ సంగతి. ఈ సాఫ్ట్‌వేర్‌కు ఎఫ్‌టీడీఐ అనే కంపెనీ చిప్ ఉన్న కేబులే కావాలి. మామూలు సీరియల్ పోర్టుగా కాకుండా, డీ2ఎక్స్ఎక్స్ అనే ఆ కంపెనీ సొంత డ్రైవర్ ద్వారా నేరుగా చిప్‌తోనే మాట్లాడుతుంది. వైన్‌కు మామూలు సీరియల్ పోర్టు చూపించడం తేలిక. మీ యూజర్‌ను డయలౌట్ గ్రూపులో చేర్చితే చాలావరకు పని అయిపోతుంది. విండోస్ కోసం రాసిన యూఎస్‌బీ డ్రైవర్‌ను మాత్రం వైన్ నడపలేదు. దీనికో దొంగదారి ఉంది. ఎఫ్‌టీడీఐ లైనక్స్‌కు కూడా ఒక డీ2ఎక్స్ఎక్స్ లైబ్రరీ ఇస్తుంది, విండోస్ ప్రోగ్రాం అడిగినదాన్ని దానికి అందించే చిన్న వంతెన ప్రోగ్రాం కంపైల్ చేసుకోవచ్చు. సాఫ్ట్‌వేర్ 32 బిట్‌ది కాబట్టి వంతెనా, లైబ్రరీ కూడా 32 బిట్‌వే ఉండాలి. పైగా కేబుల్‌ను ముందే పట్టేసుకునే లైనక్స్ సొంత డ్రైవర్‌ను తప్పించాలి. ఇంత చేశాక వైన్‌లోనే ఇంజిన్ వేడి, బ్యాటరీ వోల్టేజీ, సెన్సర్ రీడింగులు కళ్లెదుట కదులుతాయి. చూసి ఆనందించాను. అయితే వైన్ అప్‌డేట్ వచ్చిన ప్రతిసారీ వంతెన నిలుస్తుందో కూలుతుందో అని చూసుకోవలసిన పరిస్థితిలో ఈసీయూను తిరగరాయడం నాకు ఇష్టం లేదు.

ఆన్‌లైన్‌లో తెప్పించిన మొదటి కేబుల్ పేరుకే ఎఫ్‌టీడీఐ. గుచ్చి యూఎస్‌బీ పరికరాల జాబితా చూస్తే చిప్‌ను గుర్తుపట్టే 0403, 6001 అనే జంట సంఖ్యలు రావాలి. నాకు వచ్చింది 1ఏ86, 7523. అంటే లోపలున్నది వేరే చిప్, సీహెచ్340. అమ్మినవాళ్లతో వాదించి డబ్బు వెనక్కి తెచ్చుకునేసరికి తాతలు దిగివచ్చారు.

ఆ సీహెచ్340లోనూ ఒక వింత చూశాను. వేరే ట్యూనింగ్ సాఫ్ట్‌వేర్లకు ఈ చిప్ సరిపోతుంది కాబట్టి చెబుతున్నాను. కేబుల్ గుచ్చగానే పోర్టు కనిపిస్తుంది, మరుక్షణం మాయం. కెర్నల్ సందేశాలు చదివితే బీఆర్‌ఎల్‌టీటీవై అనే ప్రోగ్రాం దాన్ని లాక్కుంటోందని తేలింది. అది చూపులేనివారి బ్రెయిలీ పరికరాల కోసం ఉన్నది. ఒక బ్రెయిలీ పరికరమూ ఇదే సంఖ్యల జంటను వాడుతుంది కాబట్టి కేబుల్‌ను చూసి అదే అనుకుంటుంది. ఉబుంటు 22.04లోనూ, దాని మీద కట్టిన మింట్‌లోనూ ఈ తగాదా వచ్చింది. ఆ ప్రోగ్రాంను తీసేస్తే పోర్టు నిలబడుతుంది. ఇంట్లో బ్రెయిలీ పరికరం వాడేవారుంటే మాత్రం తీసేయకండి, ఆ సంఖ్యలున్న నియమాన్ని ఒక్కదాన్నే ఆపండి.

బండిలోకి ఎక్కించడానికి వర్చువల్‌బాక్స్. యూజర్‌ను వీబాక్స్‌యూజర్స్ గ్రూపులో చేర్చి, 0403కి ఒక యూఎస్‌బీ ఫిల్టర్ పెడితే కేబుల్ నేరుగా లోపలి విండోస్‌కు వెళ్తుంది. అక్కడ అసలు డ్రైవర్ ఉంటుంది కాబట్టి వంతెనలతో పనిలేదు. విండోస్ 7కు మద్దతు 2020 జనవరిలోనే ముగిసింది, అందుకే దానికి ఇంటర్నెట్ పూర్తిగా కట్ చేశాను. కష్టమల్లా మొదటి పలకరింపులో ఉంది. ఈ తరహా కేబుళ్లు బండితో ఒకే తీగ మీద, సెకనుకు 10,400 బిట్ల నింపాది వేగంతో మాట్లాడతాయి. కేడబ్ల్యూపీ 2000 పద్ధతిలో ఈసీయూను మేల్కొలపాలంటే ఆ తీగను 25 మిల్లీసెకన్లు కిందికి దించి, మరో 25 మిల్లీసెకన్లు పైకి ఉంచాలి. మధ్యలో వర్చువల్ మెషీన్ కునుకు తీస్తే ఆ లెక్క తప్పుతుంది. బ్రౌజర్ మూసి, ల్యాప్‌టాప్ పవర్ సేవింగ్ ఆపాక నాకు కనెక్షన్ నిలకడగా దొరుకుతోంది. ఒక్కోసారి ఇప్పటికీ తాళం తిప్పి మళ్లీ మొదలుపెట్టవలసి వస్తుంది. రేటింగ్ ఇవ్వాల్సి వస్తే దీనికి ఒక నక్షత్రం కోస్తాను.

ఎక్కించే రోజు నా పద్ధతి ఇది. సీటు తీసి 16 పిన్నుల సాకెట్‌కు కేబుల్ తగిలిస్తాను. తాళం తిప్పితే హెడ్‌లైటు వెలుగుతుంది, అది బ్యాటరీని తాగేస్తుంది కాబట్టి దాని ఫ్యూజు ముందే పీకేస్తాను. బండి బ్యాటరీకి చార్జర్ పెడతాను. మే నెల మధ్యాహ్నాల జోలికి పోను. కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు, నా ల్యాప్‌టాప్ బ్యాటరీ ముసలిది. మధ్యలో ఆగిపోతే ఈసీయూ సగం రాసిన పలకలా మిగులుతుంది. కంపెనీ మ్యాప్‌ను అన్నిటికంటే ముందు చదివి రెండు చోట్ల దాచాను.

ఫలితం? పేలుళ్లు పూర్తిగా పోలేదు గానీ చెవులు మూసుకోవలసిన అవసరం లేదు. ఘాట్‌లో రాయచోటి వైపు ఎక్కేటప్పుడు ఇంతకుముందు మూడు వేల ఆర్‌పీఎం దగ్గర తడబడేది, ఇప్పుడు తడుముకోకుండా లాగుతోంది. మైలేజీ కాస్త తగ్గింది, ఇంధనం పెంచాం కాబట్టి తగ్గాల్సిందే. పైన ఆగి పాలకోవా తినడం వల్ల నా బరువు పెరిగి మైలేజీ తగ్గిందేమో కూడా చెప్పలేను. కంపెనీ ఇచ్చిన రూపం నుంచి బండిని మార్చడం మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 పరిధిలోకి వస్తుంది. బీమా, పొగ పరీక్ష మీరే చూసుకోవాలి. ఆ పరీక్షకు నేను కంపెనీ మ్యాప్‌తోనే వెళ్తాను.

లైనక్స్ వాడని మిత్రులకు ఇదంతా సిఫారసు చేయను. లోపాల కోడ్లు చూడటం, చెరిపేయడం మాత్రమే మీ అవసరమైతే ఆండ్రాయిడ్ యాప్, ఒక బ్లూటూత్ అడాప్టర్ చాలు. ఆ పనికి నేనూ ఫోనే వాడుతున్నాను. పట్టికలు దిద్దాలంటే మాత్రం పెద్ద తెర, మౌస్, అసలైన ఎఫ్‌టీడీఐ కేబుల్ ఉండాలి. కేబుల్ వచ్చిన రోజే ఆ జంట సంఖ్యలు చూసుకోండి, వాపసు గడువు దాటకముందే.