ఆరేండ్ల సంది వాడుతున్న క్లాంప్ మీటర్: బోరు మోటర్ ఉన్నోళ్ల కోసం రాస్తున్న

మాది దేవరకొండ దిక్కు పల్లె. 5 హెచ్‌పీ సబ్‌మెర్సిబుల్ మోటర్, త్రీ ఫేజు. వరుసగ రెండు ఎండకాలాలు వైండింగ్ (మోటర్ లోపలి తీగ చుట్టలు) కాలిపోయినంక ఈ మీటర్ కొన్న, ఇప్పటికి ఆరేండ్లు. వైరును కొయ్యకుండనే దాని చుట్టు దవడలు మూస్తే అండ్ల ఎన్ని ఆంపియర్లు పారుతున్నయో చూపిస్తది.

అంతకుముందు మా తాన ఉన్నది టెస్టరే. బుగ్గ వెలిగితే కరెంటున్నట్టు, స్టార్టర్ వేసుడే. ఫేజుకు ఫేజుకు నడుమ 415 వోల్టుల దాకా రావాల్సిన కాడ 340 వచ్చినా టెస్టర్ అట్లనే వెలుగుతది, మోటర్ మాత్రం అదే నీళ్లను ఎత్తనీకి ఎక్కువ ఆంపియర్లు గుంజుతది, వైండింగ్ వేడెక్కుతది. వోల్టు (కరెంటును తోసే బలం) వేరు ఆంపియర్ (పారే కరెంటు) వేరు అని నాకు కండ్లార తెలిసింది ఈ మీటర్‌తోనే.

మా మోటర్ ప్లేటు మీద 9.5 ఆంపియర్లు అని కొట్టి ఉంది. మంచిగ నడిచినప్పుడు మూడు వైర్లల్ల తొమ్మిది అటుఇటు చూపిస్తది. పన్నెండు దాటితే నేను బంద్ చేస్త. ఒక ఫేజు పోతే ఆ వైర్ల సున్నా, మిగిలిన రెండిట్ల చానా పెరుగుతది, గట్ల నడిస్తే మోటర్ దక్కదు. ఇంకొకటి, ఏప్రిల్ నెలల బోర్ల నీళ్లు దిగుతుంటే ఆంపియర్ ఆరుకు ఏడుకు పడిపోతది, ఎందుకంటే పైకొచ్చే నీళ్లు తగ్గి ఎత్తే బరువు తగ్గింది కాబట్టి. పైపు గాలి కక్కకముందే నాకు ఎరుకైతది, బంద్ చేసి నీళ్లు ఊరనిస్త. ఈ ఒక్క పనికే కొనొచ్చు అంట నేను.

ఒక్కొక్క వైరే దవడల పెట్టాలె. మూడు కలిపి పెడితే ఒకదాన్నొకటి కొట్టేసుకొని సున్నా చూపిస్తది, మీటర్ ఖరాబయ్యిందని అనుకోకుండ్రి.

ఓమ్స్ సంగతి, అంటే వైరు కరెంటును ఎంత అడ్డుకుంటదో కొలుసుడు. పోయినేడు మోటర్ లేస్తలేదు, అందరు బోర్ల నుంచి గుంజాలె అన్నరు. మెయిన్ తీసేసి, స్టార్టర్ కాడ కేబుల్ విప్పి రెండేసి వైర్ల మీద పెట్టి చూసిన, ఒక జంటకు నాలుగు ఓమ్‌లు, మిగతా రెండు జంటలకు ఓఎల్ (నడుమ దారి తెగింది అన్నట్టు). అంటే ఒక్క వైరు తెగింది, వైండింగ్ బాగనే ఉండొచ్చు. కాల్వ గట్టు కాడ కల్టివేటర్ తగిలి కేబుల్ తెగి ఉండె, జాయింట్ ఏసినం, లేసింది. మోటర్ గుంజే కూలి మిగిలింది. కరెంటున్నప్పుడు మాత్రం ఓమ్స్‌ల పెట్టి ముట్టియ్యొద్దు, మీటర్ పోవుడే కాదు, ప్రాణం మీదికొస్తది.

లోపాలు చెప్పాలంటే, బ్యాటరీ తగ్గినప్పుడు లెక్కలు తప్పు చూపిస్తది, ఎండకాలం రాంగనే మార్చుకోవాలె. మీటర్ తీగెల తొడుగు మూడో ఏట పగిలింది, అప్పుడే కొత్తయి కొన్న. నాది ఏసీ ఆంపియరే చూపిస్తది, సోలార్ ప్లేట్ల డీసీకి పనికిరాదు. వైండింగ్‌కు తడి తగిలి ఎర్త్ అయితున్నదా (కరెంటు బయటికి కారుతున్నదా) అన్నది కూడ దీంతోటి పక్కాగ తేలదు, దానికి 500 వోల్టులతోటి కొలిచే మెగ్గర్ కావాలె, అది వైండింగ్ షాపుల ఉంటది, మెగా ఓమ్‌లల్ల చెప్తరు, ఒకటి కన్న తక్కువుంటే మళ్ల బోర్ల దించనియ్యకుండ్రి.