డింగ్‌బోచేలో మాయమైన రోజు

ఎవరెస్ట్ బేస్ క్యాంపుకు వెళ్లాలనుకునేవాళ్లకు నేను మొదట చెప్పేది బూట్ల గురించి కాదు. ప్రయాణం కాగితం చేతికి రాగానే, ఏ రాత్రి ఎంత ఎత్తులో పడుకుంటారో వేలు పెట్టి లెక్క చూసుకోండి. హైదరాబాదులో ఉండగా కాఠ్మాండూ ట్రెక్కింగ్ ఆఫీసు మాకు పంపిన కాగితంలో, దారిలోని ఊళ్లయిన నామ్చేలో రెండు రాత్రులు, డింగ్‌బోచేలో రెండు రాత్రులు ఉన్నాయి. అది చూసే, తలా 68,000 రూపాయలు కట్టాం. కాఠ్మాండూలో చేతికిచ్చిన కాగితంలో డింగ్‌బోచే రెండో రాత్రి లేదు. అర్ధరాత్రి జీపెక్కి మంథలి విమానాశ్రయానికి పరుగెత్తే హడావిడిలో ఎవరమూ చూడలేదు. తేడా బయటపడింది నామ్చేలో.

ఈ దారిలో తాళ్లు, మంచు గొడ్డళ్లు అక్కరలేదు. మనిషిని పడగొట్టేది ఎత్తే. 3,000 మీటర్లు దాటాక పడుకునే చోటు రోజుకు 500 మీటర్లకు మించి పెరగకూడదనీ, మూడు నాలుగు రోజులకొకసారి ఉన్నచోటే ఆగాలనీ వైద్యులు చెబుతారు. టెంగ్‌బోచే 3,860, డింగ్‌బోచే 4,410, లొబుచే 4,940 మీటర్లు. మధ్యలో ఆగకపోతే రెండు రోజుల్లో వెయ్యి మీటర్లకు పైగా ఎక్కినట్టు. ఫోన్ చేసి నిలదీస్తే, "మీకంటే పెద్దవాళ్లు వెళ్లొస్తున్నారు సార్" అన్నాడు ఆ ఆఫీసు మనిషి. నాకు ఇప్పటికీ ఒళ్లు మండేది ఆ మాటకే.

మేము ఊరికే బయల్దేరిన వాళ్లం కాదు. నేనూ మా బావమరిదీ నాలుగు నెలలు సాధన చేశాం. రోజూ అపార్ట్‌మెంట్ తొమ్మిది అంతస్తులూ ఏడు కిలోల సంచితో ఎక్కి దిగేవాళ్లం. నెలకోసారి తిరుపతి వెళ్లి అలిపిరి మెట్లు ఎక్కేవాళ్లం. 3,550 మెట్లకు మొదటిసారి నాలుగు గంటలు పట్టింది, చివరిసారి రెండున్నర. గాలిగోపురం దాకా ఊపిరి అందదు, మోకాళ్ల పర్వతం దగ్గర తొడలు వణుకుతాయి. అయినా అసలు సాధన దిగడంలోనే ఉంది. బస్సెక్కకుండా మెట్ల మీదే దిగాం కాబట్టే తిరుగు ప్రయాణంలో నామ్చే దిగుడు మా మోకాళ్లను ఏమీ చేయలేకపోయింది. బూట్లు మూడు నెలల ముందే కొని అవే తొడుక్కుని తిరిగాం, ఒక్క బొబ్బ లేదు. డాక్టరును అడిగి, ఎత్తు జబ్బు రాకుండా వాడే డయామాక్స్ 125 మిల్లీగ్రాముల మాత్ర పూటకొకటి చొప్పున రోజుకు రెండు వేసుకున్నాం. సల్ఫా మందులు పడనివాళ్లు ఆ సంగతి ముందే డాక్టరుకు చెప్పాలి. ఆ మాత్రతో వేళ్లు జివ్వుమంటాయి, రాత్రి మూత్రానికి నాలుగుసార్లు లేవాలి. కాళ్లనూ ఊపిరినీ ఇంటి దగ్గర సిద్ధం చేసుకోవచ్చు కానీ, పలుచని గాలికి ఒళ్లు అలవాటు పడేది కొండ మీదే.

డింగ్‌బోచే చేరిన సాయంత్రం మా బావమరిది తల పట్టుకుని గోడకు ఆనుకుని కూర్చున్నాడు. పళ్లెం ముందు పెడితే, "బావా, అన్నం వాసనే పడటం లేదు" అన్నాడు. తలనొప్పి, వికారం ఉండగా పైకి కదలకూడదు. అందుకే ఆగిపోయాం. ఆ రోజుకు గైడుకు 3,500, సామాను మోసేవాడికి 2,500, గదికి 800, తిండికి 2,800, మొత్తం 9,600 నేపాలీ రూపాయలు, అంటే మన 6,000, మా జేబులోంచే పోయాయి.

మర్నాటికి నొప్పి కాస్త తగ్గితే మెల్లగా గట్టు దాటి పక్క లోయలోని ఫెరిచేకు వెళ్లాం. అక్కడ హిమాలయన్ రెస్క్యూ అసోసియేషన్ ఆసుపత్రి ఉంది. నడక కాలంలో అక్కడి డాక్టర్లు మధ్యాహ్నాలు ఎత్తు జబ్బు గురించి ఉచితంగా చెబుతారు. తప్పక వెళ్లండి. నేను నాలుగు నెలలు చదివినదంతా అక్కడ గంటలో స్పష్టమైంది.

ఆ రాత్రి లాడ్జి దీదీ వేడి వెల్లుల్లి సూపు తెచ్చింది. మా అక్క కట్టిచ్చిన కందిపొడి విప్పి అన్నంలో కలిపాను. వాడు ముద్ద నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు, తర్వాత పళ్లెం చాచి మారు వడ్డించమన్నాడు. నాకు ప్రాణం లేచి వచ్చింది.

రెండు రోజుల తర్వాత ఇద్దరం 5,364 మీటర్ల దగ్గర, బేస్ క్యాంపులో నిలబడ్డాం.

కాఠ్మాండూకు తిరిగొచ్చాక రెండు కాగితాలూ ఆ ఆఫీసు బల్ల మీద పక్కపక్కన పరిచాను. గంట వాదించాక 5,000 నేపాలీ రూపాయలు చేతిలో పెట్టారు. మిగతా 4,600 కోసం వారం వారం ఉత్తరం రాస్తూనే ఉన్నాను.