మేత బీడులో కంప తీయాలంటే: జేసీబీయా, గొడ్డలా, గడ్డపారా? ఏది మేలు?

కడప జిల్లాలో సిద్ధవటం, బద్వేలు వైపు మేత బీళ్లలో ఎటు చూసినా సర్కారు తుమ్మే. ఆవులు లోపలికి దూరలేవు, కింద గడ్డి సరిగా పెరగదు, గిట్టల మధ్య ముల్లు దిగిందంటే జీవం రోజుల తరబడి కుంటుతుంది. అందుకే బీడు బాగు చేయిద్దామనే మాట తరచుగా వస్తూనే ఉంటుంది. ఎలా అన్న దగ్గరే చిక్కు. అదే బీడులో మన రేగు, కలివి, బలుసు, సండ్ర కూడా ఉన్నాయి. ఆ పొదల మధ్యే కలివికోడి అనే అరుదైన పక్షి ఉండేది.

1900 తర్వాత ఎవరికీ కనబడక, ఇక లేదనుకున్న ఆ పక్షి 1986లో ఈ జిల్లాలోనే మళ్లీ దొరికింది. శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం దాని కోసం వచ్చిందే. రాత్రిపూట తిరుగుతూ చెదలు, చీమలు ఏరుకు తింటుంది. దానికి చిక్కటి పొద పనికిరాదు, బోడి నేలా పనికిరాదు. మెత్తటి మట్టి పరిచి, దాని మీద పడిన కాలి గుర్తులను బట్టి పరిశోధకులు లెక్క తేల్చారు: రెండు మీటర్లకు మించిన పొదలు హెక్టారుకు 300 నుంచి 700, చిన్న పొదలు 1000 లోపు ఉన్న చోట అది ఎక్కువగా తిరుగుతుంది. అంటే ఎకరాకు పెద్ద పొదలు దాదాపు 120 నుంచి 280. మేకలు, గొర్రెలు తిరగడానికి, మధ్యలో గడ్డి పెరగడానికి కూడా ఆ మాత్రం సందు చాలు. కాబట్టి పక్షి కావాలా, పశువు కావాలా అని తగువు పడాల్సిన పని లేదని నా నమ్మకం. ఏ పొద తీస్తాం, ఏది ఉంచుతాం, దేంతో తీస్తాం అన్నదే ప్రశ్న.

అందరి మొగ్గూ జేసీబీ వైపే. గంటకింత అని బాడుగ, చూస్తుండగానే బీడంతా చదును. తొలి వానలకు పచ్చబడుతుంది కూడా. కానీ కిందకి వంగి ఆ పచ్చదనంలో ఏముందో చూడండి. చాలావరకు వయ్యారిభామ కలుపు, దాని పక్కన రెండేసి ఆకులతో తుమ్మ మొలకలు. బ్లేడు పైమట్టిని గీకినప్పుడు ఏళ్లుగా పాతుకుపోయిన గడ్డి దుబ్బులు లేచిపోతాయి. మట్టిలో చెడకుండా పడి ఉన్న తుమ్మ గింజలకు ఎండ తగులుతుంది, పోటీ పోతుంది. పైగా బ్లేడుకు రేగైనా తుమ్మైనా ఒకటే. గడ్డి ఎండిపోయాక మేకలకు ఆధారమయ్యే రేగాకు, తెల్లతుమ్మ కాయ ఆ దెబ్బకు పోతాయి. ఇంకో సంగతి: ఒకసారి చదునైన నేల మేత నేలగా నిలవడం కష్టం. నిమ్మతోటో, చేనో అయిపోతుంది. కలివికోడి చోటు తరిగిపోవడానికి ఇలా యంత్రాలతో పొదలు తీసేయడం ఒక పెద్ద కారణం.

రెండోది గొడ్డలి. కట్టెలకో, బొగ్గుల బట్టీకో కొట్టుకోమని కాంట్రాక్టుకిచ్చేస్తారు. ఊరికి ఖర్చు లేదు, పైగా నాలుగు డబ్బులు వస్తాయి, కూలీలకు పని దొరుకుతుంది. దాన్ని నేను తీసిపారేయను. ఈ కట్టె మీద పొయ్యి వెలిగే ఇళ్లు చాలా ఉన్నాయి. కానీ బీడు బాగు చేయడానికి ఇది దారి కాదు. నేల మట్టానికి కొట్టిన మోడు నుంచి వానలకు గుంపుగా కొమ్మలు లేస్తాయి. ఒక్క మాను ఉన్న చోట పొద తయారవుతుంది. మూడు నాలుగేళ్లకు మళ్లీ కోతకొస్తుంది. కాంట్రాక్టరుకు కావలసిందీ అదే.

కలుపు మందు కొట్టడం గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. గ్లైఫోసేట్ పడిన చోట తుమ్మ కంటే ముందు గడ్డి చస్తుంది. మనకు కావలసిందే ఆ గడ్డి కదా!

ఇక గడ్డపార. కష్టం ఎక్కువ, కూలి ఎక్కువ, పని నెమ్మది. అయినా నా ఓటు దీనికే. సర్కారు తుమ్మకు మళ్లీ చిగురు పుట్టించే మొగ్గలు నేల పైభాగంలో, మొదలు దగ్గరే ఉంటాయి. చుట్టూ తవ్వి జానెడు నుంచి అడుగు లోతున వేరు నరికేస్తే ఇక లేవదు. తల్లివేరు అంతా పెకలించక్కర్లేదు. వాన పడి మట్టి మెత్తబడ్డాక బొటనవేలంత మొక్కలు మనిషి బలానికే వచ్చేస్తాయి. అన్నిటికంటే ముఖ్యం, గడ్డపార పట్టుకున్న మనిషికి ఏది రేగో, ఏది కలివో, ఏది తుమ్మో తెలుసు. పీకిన కంపను గుంట మీద ముళ్లకంచెలా వేస్తే, లోపల గడ్డి దుబ్బు జీవాల నోటికి అందకుండా కుదురుకుంటుంది. మానులు లావెక్కి మనిషి చేతకాని చోట యంత్రాన్ని పిలవండి, తప్పులేదు. కానీ బ్లేడు కింద పెట్టనివ్వకుండా, బకెట్‌తో ఒక్కో చెట్టునే లేపించాలి. వదిలేయాల్సిన పొదలకు ముందే గుడ్డపీలికలు కట్టి, కాపరిని డ్రైవరు పక్కన నిలబెట్టాలి.

ఏ దారి పట్టినా జీవాల సంగతి చూడకపోతే పడిన కష్టమంతా వృథా. 1877లో ఈ చెట్టు విత్తనాలు తెచ్చి నాటిన తొలి చోట్లలో మన కమలాపురం ఒకటి. అక్కడి నుంచి పల్లెపల్లెకూ పాకడంలో పశువుల కడుపుకూ పెద్ద వాటా ఉంది. ఆకు ముట్టవు కానీ, తియ్యటి కాయ దొరికితే వదలవు. గింజ అరగదు. పాత పేడకడిని చేత్తో విడదీస్తే లోపల మొలకలు గుత్తిగా కనిపిస్తాయి. కాయల కాలంలో తుమ్మల్లో మేసిన మందను మర్నాడే బాగు చేసిన బీడుకు తోలితే, మనమే విత్తనం చల్లినట్టు. ఓ వారం దొడ్లో ఉంచి, వేరే మేత వేసి, కడుపు ఖాళీ అయ్యాకే తోలాలి. చేలో మంద కట్టించుకునే రైతులు కూడా ఈ జాగ్రత్త అడగాలి. కాయలు ఏరి, ఎండబెట్టి, గింజ నలిగేలా మర పట్టిస్తే మాత్రం మంచి దాణా. మిగతా మేతలో కొద్దిగా కలిపి పెట్టాలి, అదే పనిగా పెట్టకూడదు.

అలాగని జీవాలను బీడులోకి అసలు రానివ్వకపోవడమూ సరికాదు. మేకలు కొమ్మలు తుంచకపోతే రేగు, కలివి కూడా కమ్ముకుని సందులు మూసుకుపోతాయి. మితం మించితే నేల బోడి అవుతుంది. ఎన్ని జీవాలు, ఏ నెలల్లో అన్నది ఊళ్లో కాపరులతో కూర్చుని తేల్చుకోవాల్సిన మాట. అభయారణ్యం హద్దు లోపలైతే అటవీశాఖ అనుమతి లేకుండా పార కూడా వేయకూడదు.

డబ్బు కొద్దిగానే ఉంటే పని ఎక్కడ మొదలుపెట్టాలి? తుమ్మ చిక్కగా ఉన్న చోట మొదలుపెట్టాలనిపిస్తుంది. నేనైతే అటు ఎదురు వైపు నుంచి రమ్మంటాను: గడ్డి ఇంకా బాగుండి, తుమ్మ ఒకటీ అరా కనిపించే అంచున. అక్కడ ఒక మనిషి ఒక పూటలో చాలా నేలను కాపాడగలడు. చిక్కటి చోటును కట్టెలవాళ్లకు వదిలేసి, అది ఇటు పాకకుండా ఏటా వానలకు ఒకసారి అంచు వెంట మొలకలు పీకించుకుంటూ పోవడమే.