అద్దం వంపు కొలవడానికి స్ఫెరోమీటరా, టార్చ్ లైటా?

టెలిస్కోప్ అద్దం గ్రైండింగ్ మొదలెట్టిన వాళ్ళంతా అడిగేది ఇదే, స్ఫెరోమీటర్ (మూడు కాళ్ళ మీద నిలబడి, మధ్య స్క్రూతో వంపు లోతు కొలిచే పరికరం) కొనాలా, టార్చ్ లైట్‌తో పనైపోతుందా అని. మొదటిసారి చాలామంది చేసే 150 మి.మీ. వ్యాసం, ఎఫ్/8 (ఫోకల్ లెంగ్త్ వ్యాసానికి 8 రెట్లు) అద్దం లెక్కలోనే చెప్తా. ఫోకల్ లెంగ్త్ 1200, వక్రతా వ్యాసార్థం 2400 మి.మీ., మధ్యలో లోతు మాత్రం 1.17 మి.మీ. అంతే.

ఇంటర్ ల్యాబ్‌లో వాడిన స్ఫెరోమీటర్‌తో కానిచ్చేద్దాం అనుకుంటే కుదరదు. కాళ్ళ మధ్య 4 సెం.మీ. ఉందనుకోండి, ఈ అద్దం మీద స్క్రూ దిగేది 0.11 మి.మీ., అంటే 11 గీతలు, అందులో ఒక్క గీత అటూఇటూ అయితే వ్యాసార్థం దాదాపు 20 సెం.మీ. తప్పుతుంది. కాళ్ళు ఎడంగా పెట్టి, అంటే మధ్య నుంచి 6 సెం.మీ. దూరంలో, స్క్రూ బదులు డైల్ గేజ్ (మి.మీ.లో వందో వంతు దాకా ముల్లుతో చూపే కొలత పరికరం) బిగిస్తే దిగేది 0.75 మి.మీ. అవుతుంది, అప్పుడు ఒక గీతకి 3 సెం.మీ. చిల్లర తేడా. ఇది వాడుకోవచ్చు, కానీ సున్నా సెట్ చేసే గాజు పలక నిజంగా చదునుగా ఉండాలి, లేదంటే అన్ని రీడింగులూ తప్పే.

నా ఓటు టార్చ్‌కే. స్ఫెరోమీటర్‌లో ముప్పావు మిల్లీమీటరు కొలిచి దాన్నుంచి 2400 లెక్కగట్టాలి, టార్చ్‌తో అయితే ఆ 2400నే టేపు పెట్టి కొలుస్తాం. అద్దం నిలబెట్టి, తడిపి, చీకట్లో కంటి పక్కనే టార్చ్ పట్టుకుని అటూఇటూ ఊపండి. మెరుపు టార్చ్ వెళ్ళినవైపే వెళ్తే ఇంకా వెనక్కి జరగాలి, ఎదురు వెళ్తే ముందుకి రావాలి, ఎక్కడైతే అద్దం మొత్తం ఒక్కసారిగా వెలుగుతుందో అక్కడి నుంచి అద్దం దాకా టేపు పెట్టడమే. 80 గ్రిట్ (ముతక రాపిడి పొడి) మీద మెరుపు మసగ్గా ఉంటుంది, నీళ్ళు ఆరిపోతుంటే మళ్ళీ తడుపుతుండాలి, అందుకే ఆ దశ వరకు డైల్ గేజే సుఖం. 220 గ్రిట్ (ఇంకా సన్నని పొడి) దాటాక దాని అవసరం నాకైతే కనపళ్ళేదు.

రేకు టెంప్లేట్ (కావాల్సిన వంపుకి కోసిన రేకు) మొదట్లో అంచనాకి పనికొస్తుంది, అంతకుమించి లేదు.

మరి ఫూకో టెస్ట్ (అద్దం నుంచి తిరిగొచ్చే వెలుగుని బ్లేడు అంచుతో అడ్డుకుని ఆకారం చూసే పరీక్ష) అంటారా, అది పాలిష్ అయ్యాక, గోళం వంపుని పారబోలాగా మార్చేటప్పటి సంగతి. ఈ అద్దంలో గోళానికీ పారబోలాకీ అంచు దగ్గర తేడా 0.0003 మి.మీ. కూడా ఉండదు, ఏ డైల్ గేజ్‌కీ అందదు, 1858లో ఫ్రెంచ్ శాస్త్రవేత్త ఫూకో చూపించిన ఆ నైఫ్ ఎడ్జే (బ్లేడు అంచే) దిక్కు.

ఇంకో మాట, ఫోకల్ లెంగ్త్ 1200 బదులు 1180 వస్తే కంగారుపడి మళ్ళీ 80 గ్రిట్‌కి వెళ్ళకండి, ట్యూబ్ మాత్రం అద్దం పూర్తయ్యేదాకా కోయకండి.