లిబ్రెఆఫీస్ తెలుగు డాక్యుమెంటేషన్: ముందు గైడా, ఎఫ్1 హెల్పా?

లిబ్రెఆఫీస్ అనే ఉచిత ఆఫీస్ సాఫ్ట్‌వేర్‌కు తెలుగులో ముందు గైడ్ (అధ్యాయాలుగా చదివే పుస్తకం) రాయాలా, ఎఫ్1 నొక్కితే తెరుచుకునే హెల్ప్‌ను అనువదించాలా?

ఖర్చు: రెండింటికీ డబ్బు అక్కర్లేదు, పట్టేది మనుషుల సమయమే.

శ్రమ: గైడ్‌ను లిబ్రెఆఫీస్‌లో డాక్యుమెంట్లు రాసే ప్రోగ్రామ్ అయిన రైటర్‌లోనే ఓడీటీ (రైటర్ డాక్యుమెంట్) ఫైలుగా రాయొచ్చు, టెంప్లేట్ సిద్ధంగా ఉంది. హెల్ప్‌ను వెబ్‌లేట్ అనే ఆన్‌లైన్ అనువాద వేదికలో వాక్యం వాక్యంగా అనువదించాలి.

రిస్క్: గైడ్‌ను పాతబడేలా చేసేది స్క్రీన్‌షాట్లే. ఏడాదికి రెండు పెద్ద విడుదలలు వస్తాయి. మెనూ మారితే బొమ్మ మళ్లీ తీయాలి. అందుకే బొమ్మలు తగ్గించి, మెనూ దారిని మాటల్లో రాయండి. హెల్ప్‌లో ఇంగ్లీషు మూలం మారితే అనువాదాన్ని మళ్లీ సరిచూడాలి. మెనూలో ఒక పదం, హెల్ప్‌లో మరో పదం ఉంటే చదివేవారికి ఆ ఆప్షన్ దొరకదు. కాబట్టి ముందు ఇంటర్‌ఫేస్ పదాలు ఖరారు చేయడం చాలా ముఖ్యం.

ఎవరికి ఏది: మెయిల్ మెర్జ్ (ఒకే లేఖను పేర్లు మార్చి చాలామందికి తయారుచేయడం) మొదటినుంచి నేర్చుకునేవారికి గైడ్, స్ప్రెడ్‌షీట్‌లో వీలుకప్ (VLOOKUP) ఫార్ములా వాడుతూ మధ్యలో ఆగినవారికి ఎఫ్1. రాసేవారు ఇద్దరు ముగ్గురే అయితే గైడ్‌లో ఒక్క అధ్యాయం పూర్తిచేయండి. ప్రతి విడుదలకూ నిలబడే బృందం ఉంటేనే హెల్ప్ ఎత్తుకోండి.